సంపాదకుని మాట: నింద బాతుదేనా?

చలికాలం చెరువు మీద వాలే వలస బాతుల్ని చూసి మనం మురిసిపోతాం. కోళ్ల ఫారం రైతు మాత్రం ఉలిక్కిపడతాడు. ఆ భయంలో సగం నిజముంది.

బర్డ్ ఫ్లూ వైరస్‌కు పుట్టిల్లు నీటిపక్షులే. పైపొర మీది ప్రొటీన్లలో హెచ్ 16 రకాలు, ఎన్ 9 రకాలు వాటిలో దొరికాయి. జన్యువులేమో 8 ముక్కలు. ఒకే బాతులో రెండు వైరస్‌లు చేరితే, పేకముక్కలు కలిపినట్టు కలిసి కొత్త రకం పుట్టొచ్చు. చాలాసార్లు బాతుకు ఏమీ కాదు, రెట్టలో మాత్రం వైరస్ పోతూనే ఉంటుంది. ఆ రెట్ట పడిన మడిలోనే, కోతలయ్యాక రాలిన గింజల కోసం తోలిన మన బాతులూ ముక్కు పెడతాయి.

మిగతా సగం మనది. కోళ్లను కుప్పలుగా చంపే నేటి హెచ్5ఎన్1 వంశం 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పెంపుడు పక్షిలోనే బయటపడింది. 2005లో చింఘై సరస్సు దగ్గర వేల అడవి పక్షులు ఆ వంశానికే బలయ్యాయి. అందులో పట్టెతల బాతులే ఎక్కువ.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు రాలిపోవడం చూశాం. ఈ సంచికలో ఆ వైరస్‌ల కథే చెబుతున్నాం. చదివాక ఒక్క పని చేయండి: చచ్చిన కోడిని కాలవలో పారేయకండి, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.