3.07 వేయించేశావా, బాసూ?

రెండు నెలల క్రితం మా మిత్రుడొకడు ఫోన్ చేసి, "బాసూ, నా బండికి 3.07 వేయించేశా!" అన్నాడు, కొత్త ఇల్లు కొన్నవాడిలా గొంతు పెట్టి. పోయిన వారం మళ్ళీ ఫోన్. ఈసారి గొంతు వేరు. ఇంటికి పోలీసుల ఉత్తరం వచ్చిందిట.

ముందు కథ చెప్తాను. మేమిద్దరం ఇంగ్లండ్‌లో సాఫ్ట్‌వేర్ కూలీలం. ఇద్దరి దగ్గరా పాత ఎమ్జీబీలున్నాయి. 1962 నుంచి 1980 దాకా ఆబింగ్డన్‌లో తయారైన స్పోర్ట్స్ కారది. ఇంజిన్ 1,798 సీసీ, 95 గుర్రాల బలం.

ఈ 3.07 ఏంటో తెలియనివాళ్ళ కోసం: వెనక ఇరుసులో చిన్న పినియన్, పెద్ద క్రౌన్ వీల్ ఉంటాయి. ఎమ్జీబీలో పినియన్‌కి 11 పళ్ళు, క్రౌన్‌కి 43. భాగిస్తే 3.909. అంటే షాఫ్ట్ దాదాపు నాలుగు చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 14 పళ్ళ పినియన్ వేస్తే అది 3.07 అవుతుంది.

ఎందుకు మారుస్తారంటే, చప్పుడు. టాప్ గేర్లో వెయ్యి ఆర్‌పీఎంకి దాదాపు 18 మైళ్ళ వేగం వస్తుంది. మోటర్‌వే మీద 70లో పోవాలంటే ఇంజిన్ 3,900 తిరగాలి. చెవులు గింగిర్లెత్తుతాయి, ఒప్పుకుంటా. నేనూ ఆ క్రౌన్ పినియన్ కొనబోయి ఆగినవాణ్ణే. 3.07 వేస్తే అదే 70కి సుమారు 3,070 చాలు. భలే ఉంది కదా?

ఈ లెక్క చెప్పేవాళ్ళు మిగతా సగం చెప్పరు. ఇరుసు రేషియో ఒక్క టాప్ గేర్‌కే కాదు, రివర్స్‌తో సహా అన్ని గేర్లకీ గుణకం. ఫస్ట్ గేర్ 3.44 అయితే, ఇరుసుతో కలిపి 13.4 ఉండేది కాస్తా 10.6కి పడిపోతుంది. ప్రతి గేర్లోనూ చక్రాల దగ్గర లాగుడు 21 శాతం పోయినట్టే. ట్రాఫిక్‌లో క్లచ్ ఏడుస్తుంది. వేల్స్ కొండల్లో నాలుగో గేర్లో ఎక్కే చోట మూడోదానికి దిగాలి. ఒక్క ఫంక్షన్‌లో తేడా ఉందని గ్లోబల్ వేరియబుల్ మార్చేసే కుర్రాణ్ణి కోడ్ రివ్యూలో మనం ఊరికే వదుల్తామా? మరి సొంత బండి దగ్గరికొచ్చేసరికి మన తెలివి ఏమైపోయింది?

"కంపెనీవాడే 3.07 పెట్టాడు కదా!" అంటారు. పెట్టాడు, ఎమ్జీబీ జీటీ వీ8లో. దాని ఇంజిన్ 3,528 సీసీ. టార్క్ 193 పౌండ్-అడుగులు. మనది 110. ఏనుగు మీది అంబారీ తెచ్చి మేకకి కడితే మేక తప్పా అది? అంతెందుకు, 2,912 సీసీ ఇంజిన్ ఉన్న ఎమ్జీసీకి కూడా మొదట్లో ఓవర్‌డ్రైవ్ లేని కార్లలో 3.07 ఇచ్చి, తర్వాత 3.307కి మార్చారు.

టాప్ స్పీడ్ పెరుగుతుందన్నది ఇంకో భ్రమ. మన ఇంజిన్ పూర్తి బలం 5,400 దగ్గర వస్తుంది. 3.07తో టాప్ గేర్లో 5,400 తిరగాలంటే బండి 123 మైళ్ళలో పోవాలి. 95 గుర్రాలతో గాలిని చీల్చుకుని అంత వేగం ఎక్కడ వస్తుంది? అసలు ఇరుసుతో నూరు దాటే బండి, ఇప్పుడు టాప్ గేర్లో ఆ నూరుకే ఆయాసపడుతుంది.

ఇక ఉత్తరం సంగతి. ఎమ్జీబీ స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ నుంచి వస్తుంది. అది చక్రాన్ని చూడదు, షాఫ్ట్ తిరుగుళ్ళు లెక్కపెడుతుంది. ఇరుసు మార్చి మీటర్ సరిచేయించకపోతే, ముల్లు 55 చూపించేటప్పుడు బండి 70లో పోతుంటుంది. మావాడు 60 లిమిట్ రోడ్డు మీద బుద్ధిగా 55 చూసుకుంటూ వెళ్ళాడు. కెమెరా బుద్ధిగా ఫోటో తీసింది. వేయించిన మెకానిక్ చెప్పలేదు, వేయించుకోమని సలహా ఇచ్చిన మహానుభావులూ చెప్పలేదు.

మరి చప్పుడుకి మందు? ఓవర్‌డ్రైవ్. గేర్‌బాక్స్ వెనక ఉండే లేకాక్ యూనిట్ అది. తర్వాతి కాలం బండ్లలో దాని రేషియో 0.82. స్విచ్ నొక్కితే 70కి దాదాపు 3,200. అంటే 3.07 ఇచ్చేదానికి దగ్గర దగ్గరే! కొండ వస్తే స్విచ్ తీసేస్తాం, పాత పికప్ పాతదే. ఫస్ట్ గేర్ జోలికే పోదు. ఖరీదు ఎక్కువే, కాదనను. మెయిన్ షాఫ్ట్ వేరు కాబట్టి మామూలుగా గేర్‌బాక్స్ మొత్తం మార్చుకోవాలి. కానీ ఇరుసు ఒకసారి విప్పించి, మళ్ళీ విప్పించి పాతది పెట్టించుకునే ఖర్చు కూడా కలిపి చూడండి.

ఇరుసు అసలు ముట్టుకోవద్దని నేననను. మీ టైరు చుట్టుకొలత, మీ గేర్లు, మీ ఇంజిన్ టార్క్, మీరు రోజూ తిరిగే రోడ్డు... ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని, లెక్క వేసి, అప్పుడు మార్చండి. పక్కవాడు వేయించాడని వేయించకండి.

అన్నట్టు, మావాడి దగ్గర రెండు నెలలు మాత్రమే వాడిన 3.07 క్రౌన్ పినియన్ అమ్మకానికుంది. వీ8 ఇంజిన్ వేసుకున్నవాళ్ళు మాత్రమే అడగండి.