విమానంలో చీకటిగది సీసాలు



నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు దూరాన కాలేజీలో చదువుతున్నాడు. వాడికి పాతకాలపు పద్ధతిలో ఫిలింతో ఫొటోలు తీయడం సరదా. సెలవులకు వచ్చేముందు నాకు ఫోను చేసి, "మాస్టారూ, మీ ఫొటో తీసి మన ఊళ్ళోనే కడుగుతాను. మందుల సీసాలు విమానంలో తెచ్చుకోవచ్చునా?" అని అడిగాడు.

"వాటిలో ఏముందో ముందు చెప్పు," అన్నాను.

ఫొటోలు కడిగే చీకటిగదిలో ముఖ్యంగా మూడు ద్రావణాలు వుంటాయి. మొదటిది డెవలపర్. వెలుతురు తగిలినచోట ఫిలిం మీది వెండి లవణాన్ని ఇది నల్లని వెండిగా మార్చి, బొమ్మను పైకి తెస్తుంది. రెండవది ఆ పనిని ఆపే పులుపునీళ్ళు. ఇందులో సాధారణంగా అసెటిక్ ఆమ్లం వుంటుంది. మూడవది హైపో. వెలుతురు తగలక మిగిలిన లవణాన్ని ఇది కరిగించి తీసివేస్తుంది. హైపోకు ఈ గుణం వున్నదని 1819లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. ఇరవై ఏళ్ళ తరువాత అది ఫొటోలకు అక్కరకు వచ్చింది.

వీటిలో జాగ్రత్తపడవలసినది రెండవది. వంటింటి వెనిగర్‌లో వుండేదీ ఈ ఆమ్లమే గాని, అక్కడ అది బాగా నీళ్ళు కలిసి వుంటుంది. నీళ్ళు కలపని ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది. సుమారు 40 డిగ్రీల వేడిలో దాని ఆవిరికి నిప్పు అంటుకోగలదు. అందుకే దానిని ప్రయాణీకుల పెట్టెల్లో తీసుకుపోనివ్వరు.

"మూత గట్టిగా బిగిస్తే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. అంగట్లో అమ్మే చిప్సు పొట్లాన్ని విప్పకుండా మదనపల్లె నుంచి హార్స్‌లీ కొండకు తీసుకుపోయి చూడండి. పైకి వెళ్ళేకొద్దీ అది ఉబ్బుతుంది. పైన గాలి ఒత్తిడి తక్కువ గనుక లోపలి గాలి వ్యాకోచిస్తుందన్నమాట. ఎగిరే విమానం లోపల వుండే ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీది ఒత్తిడితో సమానం. సీసాలోని గాలి కూడా అలాగే వ్యాకోచించి, ద్రవాన్ని మూత సందుల్లోంచి బయటికి తోస్తుంది.

కారితే ఏమవుతుంది? 1973 నవంబరు 3న పాన్ అమెరికన్ కంపెనీ సరుకుల విమానం ఒకటి న్యూయార్క్ నుంచి బయలుదేరింది. అందులో నత్రికామ్లం సీసాలు వున్నాయి. సీసాల చుట్టూ రంపపు పొట్టు దట్టించారు. సీసాలు పగలకుండా పొట్టు మెత్తగా వుంటుంది, నిజమే. కాని కారిన నత్రికామ్లం పొట్టుకు తగిలితే దానంతటదే వేడి పుట్టి పొగ లేస్తుంది. అలాగే జరిగింది. విమానం నడిపేవారి గదిలోకి పొగ కమ్మింది. వారు బోస్టన్‌లో దిగబోయారు గాని, విమానం కూలి ముగ్గురూ చనిపోయారు. సరుకు కట్టినవాళ్ళకు ఎవరిమీదా పగ లేదు. ఏది దేనితో కలవకూడదో ఆలోచించలేదు, అంతే! విమానంలో పొగ లేస్తే దిగి పారిపోవడానికి చోటు వుండదు.

కనుక గుర్తుంచుకోండి. మందులు వెళ్ళినచోట కొనుక్కోవడం మేలు. పొడి మందులైనా కంపెనీవారు అమ్మిన పొట్లంలోనే, చీటీతో సహా వుంచాలి. పేరులేని తెల్లపొడిని చూస్తే ఎవరికైనా అనుమానమే. ప్రతి మందుకూ తయారుచేసినవారు రక్షణ పత్రం ఇస్తారు. అందులో 14వ భాగం రవాణాను గురించి చెబుతుంది. అది విమానం కంపెనీవారికి చూపి, ముందే అనుమతి అడగాలి. దాచి తీసుకుపోవడం ఎన్నడూ పనికిరాదు. కడగని ఫిలింను మాత్రం చేతిసంచీలోనే వుంచుకోవాలి. పెద్ద పెట్టెలను పరీక్షించే ఎక్స్‌రేకు బలం ఎక్కువ; ఫిలిం పాడవుతుంది.

మావాడు కెమెరా, ఫిలిం మాత్రమే తెచ్చాడు. తిరిగి వెళ్ళాక ఫొటో కడిగి టపాలో పంపాడు. రెండు వారాలు ఆలస్యమైతేనేం, ఫొటో చక్కగా వచ్చింది.

ఈ నెల మీకొక పని. పెద్దవాళ్ళను పక్కన వుంచుకుని, ఇంట్లోని సీసాల మీది చీటీలు చదవండి. చీటీ లేని సీసా కనిపిస్తే వారికి చూపండి. మూతలు మాత్రం తీయకండి!