ఆ కాయితం మీద మన వేలిముద్ర పడదు!

ఊళ్ళో ఆసామి మీద అట్రాసిటీ కేసు పడిందంటే చాలు, రెండో రోజుకల్లా పల్లెలోకి ఒక కాయితం వస్తుంది. "జడ్జి గారికి విన్నపం. ఫలానా వారు సౌమ్యులు, ఎస్సీలను కన్నబిడ్డల్లా చూసుకునేవారు" అని రాసి ఉంటుంది. మనకు చదివి వినిపించరు. "ఒరేయ్, ఇక్కడ ముద్ర వెయ్యి" అంటారు. దెబ్బలు తిన్నవాడి అన్నే, కొట్టినవాడు మంచోడని చెప్పాలట! పిల్లికి ఎలుక సాక్ష్యమంటే ఇదే.

మార్కాపురం పలకల మీద ఎందరో పిల్లలు ఓనమాలు దిద్దుకున్నారు. ఆ రాయి తవ్వి, దుమ్ము మింగిన కూలోళ్ళ చేతులు మాత్రం ఇంకా వేలిముద్రకేనా? మునసబు, కరణం పదవులు 1984లోనే పోయాయి. "వీడు మంచోడు, వాడు చెడ్డోడు" అని ముద్ర కొట్టే పెత్తనం మాత్రం పోలేదు.

మన వాళ్ళ నడవడి ఎవరు రాశారో గుర్తుందా? 1871లో తెల్లదొరల నేరస్థ జాతుల చట్టం రాసింది. ఎరుకల బిడ్డ తల్లి కడుపున పడగానే దొంగ! ఆ చట్టం 1952లో రద్దయింది. పోలీసోళ్ళ చూపు రద్దయిందా? ఒకడికి పుట్టుకే మంచితనం, ఇంకొకడికి పుట్టుకే నేరం. అదే కులం రాసే సర్టిఫికెట్.

ఇక చట్టం సంగతి వినండి. నిందితుడి మంచి నడవడి సాక్ష్యానికి పనికొస్తుందని సాక్ష్య చట్టం చెబుతున్న మాట నిజమే. కానీ వేలిముద్రల కాయితం దానంతటదే సాక్ష్యం కాదు. చెప్పినవాడు బోనెక్కాలి, అవతలి వకీలు ప్రశ్నలకు నిలబడాలి. ఇంకో సంగతి. వాళ్ళు మంచితనం సాక్ష్యం తెచ్చిన రోజున, వాళ్ళ చెడు నడవడి చెప్పే తలుపు వాళ్ళే తెరిచినట్టు. 1989 చట్టం 19వ సెక్షన్ చూడండి: పద్దెనిమిదేళ్ళు దాటినవాడి మీద అట్రాసిటీ నేరం రుజువైతే, నడవడి బాగుందని ప్రొబేషన్ మీద వదిలే వీల్లేదు. 15ఎ సెక్షన్ ప్రకారం బెయిలు దగ్గర, శిక్ష దగ్గర బాధితుల మాట వినాలి. అది 2016 నుంచి అమల్లో ఉన్న హక్కు, ఎవరూ పెట్టే భిక్ష కాదు.

మరి మనం ఉత్తరం రాయకూడదా? రాయాలి! మన కుర్రాణ్ణి తప్పుడు కేసులో ఇరికిస్తే తప్పక రాయాలి. రాసేవాడెవరు, ఆ కుర్రాణ్ణి ఎన్నేళ్ళుగా ఎరుగుదుడు, కళ్ళారా ఏం చూశాడు, అంతే రాయాలి. కేసేమిటో తెలుసుకుని రాయాలి. చూడనిది చూశామనొద్దు. జడ్జి గారింటికి పంపొద్దు, వకీలు చేతికియ్యండి, కోర్టులో పెడతాడు. బాధితులమైతే మన మాట పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా చెప్పుకుందాం.

కారంచేడు అప్పట్లో మన ప్రకాశం జిల్లాలోదే. 1985 జులై 17న ఆరుగురు మాదిగ బిడ్డల్ని చంపారు. సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008లో గానీ రాలేదు. అన్నేళ్ళు కేసు నిలిచిందంటే సాక్షులు నిలబడబట్టే! వాళ్ళ నడవడికి ఏ ఆసామి సర్టిఫికెట్టూ అక్కర్లేకపోయింది.

అన్నలారా, అక్కలారా! కూలి ఆపుతామంటారు, అప్పు కట్టమంటారు. అందుకే ఎవరూ ఒంటరిగా జవాబు చెప్పొద్దు. కాయితం వస్తే పల్లెంతా కూచుని, చదువుకున్న పిల్ల చేత గట్టిగా చదివించండి. అబద్ధమైతే వెనక్కి పంపండి.

మన వేలు మనది. మన నడవడి మనమే రాసుకుందాం. జై భీమ్!