అద్దం అంచున రెండు వేళ్ళు

కిందటి నెల మా అమ్మ వైపు బంధువుల వాట్సాప్ గ్రూపులో అమ్మ పూలజడ ఫోటో పెట్టాను. 1964 వేసవిలో తెనాలిలో ఒక స్టూడియోలో తీయించింది. అమ్మకు అప్పుడు 12 ఏళ్ళు. పట్టు పరికిణీ, మెడలో పక్కింటివాళ్ళనడిగి తెచ్చిన కాసులపేరు, వెనక తెర మీద గీసిన స్తంభాలు, కొలను. పక్కనే నిలువుటద్దం. ఆ అద్దం ఎందుకో పూలజడలు వేయించుకున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు. ముఖం కెమెరాకీ జడ అద్దానికీ కనబడేలా పిల్లని కూర్చోబెట్టేవారు. అంత కష్టపడి కుట్టిన జడ ఫోటోలో పడకపోతే ఎలా?

పది నిమిషాల్లో గ్రూపు నిండా ఎర్ర గుండెలు, చేతులు జోడించిన బొమ్మలు. డాలస్‌లో ఉన్న మామయ్య కూతురు ఆ ఫోటోకి ఏదో యాప్‌లో రంగులద్ది మళ్ళీ పెట్టింది. పరికిణీ నీలం, పూలన్నీ లేత గులాబి. చూడముచ్చటగానే ఉంది.

సాయంత్రం పిన్ని వాయిస్ మెసేజ్ పంపింది, నాలుగు నిమిషాలది. "ఏమే, పరికిణీ నీలమేంటి? అది మావిడిచిగురు రంగు, కుంకుమరంగు అంచు. జడలో మల్లెలు తెలుపు, మధ్యమధ్య కనకాంబరాలు, అంచున మరువం. అది సరే, ఇందులో అత్త చెయ్యేదీ?"

అత్తంటే అమ్మకీ పిన్నికీ మేనత్త. 17 ఏళ్ళకే భర్త పోతే పుట్టింటికొచ్చి, ఆ ఇంట్లోనే ముసలిదైపోయిన మనిషి. ఆ రోజు పిన్ని కూడా స్టూడియోకి వెళ్ళిందట. అద్దం ముందుకు ఒరుగుతోందని ఫోటోగ్రాఫరు ఎవరినైనా వెనక నిలబడి పట్టుకోమన్నాడట. అత్త పట్టుకుంది. ఫోటో కడిగి ఇచ్చాక చూస్తే అద్దం కుడి అంచున రెండు వేళ్ళు, కింద జానెడు తెల్లచీర. శుభమా అని తీయించుకున్న ఫోటోలో ఆవిడ పడిందని తాతయ్య వారం రోజులు రుసరుసలాడారట.

నేను పెట్టిన ఫోటోలో ఆ వేళ్ళు లేవు. 2007లో నాన్నగారి షష్టిపూర్తికి దాన్ని పెద్దది చేయించాం. మరకలూ గీతలూ తీసేసి శుభ్రంగా ఇస్తామన్నారు, ఇచ్చారు. వాళ్ళ కళ్ళకి ఆ వేళ్ళూ మరకే. మేమూ పోల్చి చూసుకోలేదు. ఆ శుభ్రం చేసిన కాపీనే పటం కట్టించి గోడకి తగిలించాం, దాన్నే ఫోన్‌తో తీసి పదిమందికీ పంచాను. పిన్ని గుర్తు చేసి ఉండకపోతే ఆ మనిషి అక్కడ నిలబడిందన్న సంగతి మా తరంలో ఇక ఎవరికీ తెలిసేది కాదు.

మర్నాడు అటకెక్కి ట్రంకుపెట్టె దించాను. నాఫ్తలీన్ వాసన, పాత పెళ్ళిపత్రికలు, కాగితం కవర్లలో నెగెటివులు. అసలు ఫోటో దొరికింది, అరచేయంత. భూతద్దం పెట్టి చూశాను. ఉన్నాయి.

ఆ జడ కుట్టింది కూడా ఆవిడేనని పిన్ని చెప్పాకే తెలిసింది. ముందురోజు సాయంత్రం కోసిన మొగ్గల్ని తడిగుడ్డలో చుట్టి ఉంచి, తెల్లవారుజామునే లాంతరు ముందు కూర్చునేదట. అరటి పట్టని జడ పొడవుకి కోసి, సూదీ దారంతో మొగ్గ పక్కన మొగ్గ, వరస కింద వరస. ఒక్క వరస వంకరపోయినా విప్పి మళ్ళీ కుట్టేది. ఊళ్ళో ఏ ఆడపిల్లకి పూలజడ వేయాలన్నా ఆవిడకే కబురు. తన తలలో మాత్రం ఒక్క పువ్వూ పెట్టుకోకూడదు. పేరంటానికి పిలవరు, పిల్లని పీట మీద కూర్చోబెట్టే వేళకి వంటింట్లోకి తప్పుకోవాలి. ఇదంతా ఆ రోజుల్లో ఆచారం అనేవారు. నాకు మాత్రం ఇప్పుడు చెబుతుంటే కూడా కడుపు మండుతుంది.

ఫోటోలో ఎవరుండాలన్నది ఎప్పుడూ ఇంటి పెద్దలు తీర్చిన తీర్పే. ఆడవాళ్ళ ముఖం పరాయి మగవాడి కెమెరాకి చిక్కడమే తప్పనుకున్న కాలమూ ఉంది. అందుకే ఫోటోగ్రాఫరు లాలా దీనదయాళ్ 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం విడిగా ఒక స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు వనితకి అప్పగించారు. తర్వాత కెమెరాలు మధ్యతరగతి ఇళ్ళలోకొచ్చాయి. అగ్ఫా క్లిక్-3లో రీలుకి 12 ఫోటోలు. ఆ 12లో మగపిల్లాడి పుట్టువెంట్రుకలు తీయించే ముందు జడ వేసి, గౌను తొడిగి తీసేది ఒకటి. అల్లుడొస్తే రెండు. గ్రూపు ఫోటోకి అందరూ సర్దుకుంటుంటే కాఫీ గ్లాసులు కడుగుతున్న మనిషికి చోటెక్కడిది?

అమ్మ మేనత్త 1998లో పోయింది. పెద్దకర్మ నాడు పటం పెట్టాలంటే ఒక్క ఫోటో దొరకలేదు. చివరికి ఓటరు కార్డు తీసుకెళ్ళి అందులో గోరంత బొమ్మని పెద్దది చేయించారు. 1993లో ఎన్నికల సంఘం ఫోటోతో గుర్తింపు కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది కాబట్టి అదైనా ఉంది. పల్లెల్లో ఎందరో ముసలమ్మల్ని కెమెరా ముందు కూర్చోబెట్టింది ఇంట్లోవాళ్ళు కాదు, ఆ కార్డే. పెద్దది చేస్తే చుక్కలు చుక్కలుగా చెదిరిపోయిన ముఖం. ఆవిడ చేతులెలా ఉండేవో అందులో లేదు.

ఫోటోలు పంచుకోవద్దని నేననను. ఆ రోజు గ్రూపులో పెట్టబట్టే కదా పిన్ని నోరు విప్పింది. కానీ గుండె బొమ్మ పెట్టి పైకి జరిపేస్తున్నాం, అదీ నా బాధ. ఫోటో పెట్టినవాళ్ళు ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళకి ఒక్క ఫోన్ చేసి "ఇది ఎప్పటిది, ఎవరు తీశారు, పక్కన ఇంకెవరున్నారు" అని అడగాలి. వాళ్ళు చెబుతుంటే రికార్డు చేసుకోవాలి. యాప్‌లో రంగులద్దే ముందు ఆ చీర చూసిన కళ్ళు ఇంకా ఉన్నాయేమో కనుక్కోవాలి. మామయ్య కూతురిని తప్పుపట్టను, తను ప్రేమతోనే చేసింది. ఆ యాప్‌కి మాత్రం మావిడిచిగురు తెలియదు.

ఫోటో వెనక మెత్తని పెన్సిలుతో పేర్లు రాయండి. బాల్ పెన్ను నొక్కులు ముందుకి తేలతాయి. రాసేటప్పుడు 'అమ్మమ్మ', 'బాబాయి' అని ఊరుకోవద్దు. నాకు అమ్మమ్మ అయిన మనిషి నా కూతురికి తాతమ్మ, దాని పిల్లలకి ఎవరో కూడా తెలియదు. అసలు పేరు, ఇంటిపేరు, ఊరు రాయాలి. నలుపు తెలుపు ఫోటోల్లో బొమ్మని పట్టి ఉంచేది వెండి కాబట్టి బాగా కడిగినవి ఇంకా నిలుస్తాయి. డెబ్భై, ఎనభైల నాటి రంగు ఫోటోల్లో ఉండేవి అద్దకపు రంగులు, చాలా ఇళ్ళలో ఇప్పటికే ఎర్రబారాయి. జిగురు పేజీల ఆల్బముల్లో ఉన్నవి ముందు చూసుకోండి, అవి పేజీకి అంటుకుపోతాయి. ఫోన్లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపితే బొమ్మ నాణ్యత తగ్గదు. మామూలుగా పంపిన కాపీలో మా అత్తమ్మ వేళ్ళు పెద్దవి చేసి చూస్తే మసకే.

అన్నట్టు, ఆవిడని నేనేమని పిలిచేదాన్నో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఇప్పుడు అత్తమ్మ అని రాస్తున్నాను. పేరు మాత్రం ఫోటో వెనక రాశాను, ఇంటిపేరుతో సహా.

అసలు ఫోటో అమ్మకి చూపించాను. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. పిన్ని మెసేజ్ పెట్టి వినిపిస్తే మధ్యలో ఆపమంది. "కనకాంబరాలు అది చెప్పినంత లేవు, ఆ ఏడు దొరకలేదు" అంది. కాసేపాగి మళ్ళీ అంది. "బస్సులో జడ నలుగుతుందని తెనాలి దాకా తన ఒళ్ళో పడుకోబెట్టుకుంది, బోర్లా."

గోడ మీద పటం దించమంది. దీన్నే పెద్దది చేయించమంది. "ఈసారి దగ్గరుండి చేయించు. తుడుస్తామంటే ఒద్దను."