పిల్లి పళ్ళెం దగ్గర కూర్చున్న బిడ్డను లేపకండి



పోయిన టర్మ్‌లో ఒకరోజు రాత్రి తొమ్మిదిన్నరకి గుడివాడ నుంచి ఒక అమ్మ ఫోన్ చేశారు. మా బ్రాంచిలో ఏడో తరగతి చదివే అమ్మాయి తల్లి. "మేడమ్, మా పాపకి మీరైనా గట్టిగా చెప్పండి. ఇంట్లో పిల్లికి జబ్బు చేసింది. రెండు రోజుల్నుంచి ఏమీ తినడం లేదు. ఇది స్కూలు నుంచి రాగానే దాని పళ్ళెం ముందు కూర్చుంటోంది. పుస్తకం ముట్టదు, తనూ సరిగా తినదు. సోమవారం నుంచి యూనిట్ టెస్టులు. పిల్లిని ఎక్కడైనా వదిలేసి వద్దామంటున్నారు మా ఆయన" అన్నారు.

టీచర్‌ని కాబట్టి నేను చదువు గురించే మాట్లాడతానని ఆవిడ అనుకున్నారు. నేను మాత్రం "నీళ్ళైనా తాగుతోందా? చిగుళ్ళు పచ్చబడ్డాయా?" అని అడిగాను. తర్వాత, "పాపని అక్కణ్ణుంచి లేపకండి. రేపు పొద్దున్నే పిల్లిని డాక్టరుకి చూపించండి. పాపని కూడా వెంట తీసుకెళ్ళండి" అన్నాను.

ఎందుకలా అన్నానో మీకు చెప్పాలంటే, ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

పదేళ్ళ క్రితం మా అబ్బాయి ఐదో తరగతి. బందరులో మా ఇంట్లో ఒక చారల పిల్లి ఉండేది. ఒకసారి అది తిండి మానేసి మంచం కింద చేరింది. నేను బయాలజీ టీచర్‌నే అయినా "ఆకలేస్తే అదే తింటుందిలే" అన్నాను. పెరుగన్నం పెట్టాను, ముట్టలేదు. పాలు పోశాను, చూడలేదు. మావాడు వేలితో పాలు తీసి దాని మూతికి రాస్తూ గంటలకి గంటలు కూర్చునేవాడు. వాడికి ఒలింపియాడ్ పరీక్ష దగ్గర పడుతోంది. నాకు విసుగొచ్చింది. నాలుగో రోజు వాడు స్కూలుకి వెళ్ళాక, పిల్లిని సంచిలో పెట్టించి చేపల మార్కెట్ దగ్గర వదిలిపెట్టించాను. చేపలు దొరికే చోట ఎలాగోలా బతుకుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వాడికి మాత్రం "పారిపోయిందిరా" అన్నాను. వారం రోజులు సాయంత్రం పూట వీధులన్నీ వెతికాడు. పరీక్ష బాగానే రాశాడు.

ఇప్పుడు వాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు, అన్నం తింటూ తింటూ, "అమ్మా, లేచి నడవలేని పిల్లి ఎలా పారిపోయింది?" అని అడిగాడు. గొంతులో కోపం లేదు. వాడికి అప్పుడే అనుమానం వచ్చిందట. "ఎప్పటికైనా నువ్వే చెప్తావేమోనని చూశాను" అన్నాడు.

అందుకే ఈ నెల ఈ పేజీలో ఈ విషయం రాస్తున్నాను. ఇంట్లో జబ్బుపడిన జంతువు ముందు మన పిల్లలు కూర్చున్నప్పుడు, వాళ్ళని లేపడం సులువు. అలా లేపకూడదని నా అభిప్రాయం. వాళ్ళు చేస్తున్న పనిని సరిగ్గా చేయడం నేర్పాలి. దానికి ముందు మనకి తెలియాలి.

"ఆకలేస్తే అదే తింటుంది" నిజమేనా?

జబ్బు చేసిన పిల్లి విషయంలో ఈ మాట ప్రాణం మీదికి తెస్తుంది. తిండి ఆగిపోతే పిల్లి ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలోకి చేరుతుంది. ఆ కొవ్వును అంత వేగంగా వాడుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కొవ్వు పేరుకుపోయి కాలేయమే పనిచేయడం మానేస్తుంది. చిగుళ్ళు, కళ్ళు, చెవుల లోపలి చర్మం పసుపు రంగుకి తిరుగుతాయి. బాగా లావుగా ఉన్న పిల్లికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అంటే అసలు జబ్బు ఒకటైతే, తినకపోవడం రెండో జబ్బు అవుతుంది.

కాబట్టి లెక్క ఇలా పెట్టుకోండి. పెద్ద పిల్లి ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టరుకి ఫోన్ చేయాలి. రెండు రోజులు కావస్తుంటే తీసుకెళ్ళి తీరాలి. పిల్లికూన అయితే అంత సమయం కూడా లేదు, ఆ రోజే చూపించాలి. మగపిల్లి మూత్రానికి కూర్చుని రాక అరుస్తుంటే ఒక్క పూట కూడా ఆగొద్దు.

మన ఊళ్ళలో పశువుల ఆసుపత్రి అంటే గేదెలకే అనుకుంటాం. పిల్లినీ చూస్తారు. పెద్ద పరీక్షలు కావాలంటే మనకి దగ్గరలోనే గన్నవరంలో 1998లో మొదలైన ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, దాని ఆసుపత్రి ఉంది. తీసుకెళ్ళడానికి ప్రత్యేకమైన పెట్టె లేకపోతే, రెండు ప్లాస్టిక్ కూరగాయల బుట్టలు చాలు. ఒకదాంట్లో పాత చీర పరిచి పిల్లిని పెట్టి, రెండోది పైన బోర్లించి తాడుతో కట్టండి. గాలి ఆడుతుంది, దారిలో దూకదు.

వాసన తెలిస్తేనే ఆకలి

పిల్లికి తీపి రుచి తెలియదు. తీపిని పసిగట్టే జన్యువు పిల్లి జాతిలో పనిచేయదని 2005లో శాస్త్రవేత్తలు తేల్చారు. కాబట్టి గ్లూకోజ్ నీళ్ళు, పంచదార పాలతో దాని నోరూరించలేం. పిల్లికి ఆకలి ముక్కు నుంచి మొదలవుతుంది. జలుబు చేసి ముక్కు మూసుకుపోతే ఎదురుగా చేప ఉన్నా దానికి తిండిలా అనిపించదు. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన మెత్తటి గుడ్డతో ముక్కు తుడవడమే సగం వైద్యం.

మన కృష్ణా అభయారణ్యం మడ అడవుల్లో చేపలు పట్టి బతికే నీటిపిల్లి ఉంది. మన వంటింటి పిల్లి దానికి దూరపు చుట్టం. రెండూ మాంసం మీదే బతికేలా పుట్టినవి. పెరుగన్నం మన అలవాటే గానీ పిల్లి ఒంటి అవసరం కాదు. ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు అరగవు కూడా. జబ్బులో ఉన్నదానికి పాలు పోస్తే విరేచనాలు పట్టుకుని ఇంకా నీరసిస్తుంది.

మా పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక దగ్గర. ధాన్యం బస్తాలకి ఎలుకల బాధ ఉండేది కాబట్టి ఇంట్లో ఎప్పుడూ రెండు మూడు పిల్లులుండేవి. పిల్లి నలతపడితే మా అమ్మ నాలుగు పచ్చి నెత్తళ్ళు ఉప్పు లేకుండా ఉడికించి, ముల్లు తీసి, ఆ నీళ్ళతోనే మెత్తగా మెదిపి, వెచ్చగా ఉండగానే పెట్టేది. అమ్మ అనుభవంతో చేసిన ఆ పనినే డాక్టర్లూ చెబుతారు. ఫ్రిజ్‌లోంచి తీసిన తిండి కన్నా, మన ముంజేతికి గోరువెచ్చగా తగిలే తిండి ఎక్కువ వాసన ఇస్తుంది. చేప పడకపోతే ఉడికించిన కోడిమాంసం పెట్టవచ్చు. ఎండు నెత్తళ్ళ వాసన లాగుతుంది గానీ వాటిలో ఉప్పు ఎక్కువ. మూత్రపిండాల జబ్బున్న పిల్లికి అసలు వద్దు.

మిగిలిన చేపల పులుసు కలిపిన అన్నం పెట్టకండి. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను విరగ్గొడతాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. ఒళ్ళు వెచ్చగా ఉందని మన పిల్లల జ్వరం సిరప్ వేయకండి. పారాసిటమాల్ పిల్లికి విషం. ఒక్క మాత్ర కూడా ప్రాణం తీయగలదు. ఆకలి పుట్టించే మందులు ఉన్నాయి, కానీ అవి డాక్టరే రాయాలి.

బలవంతం వద్దు

నోరు తెరిచి కుక్కితే పిల్లి మింగదు, బెదురుతుంది. తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. ఇంకో నష్టం కూడా ఉంది. వికారంగా ఉన్నప్పుడు కుక్కిన తిండిని, జబ్బు తగ్గాక కూడా చూడగానే మొహం తిప్పేస్తుంది. దానికి ఇష్టమైన చేపలో చేదు మందు కలిపినా అంతే, ఆ చేప మీద నమ్మకం పోతుంది. పెదాలు నాక్కుంటూ, చొంగ కారుస్తూ, పళ్ళెం చూసి పక్కకి తిరుగుతుంటే దానికి వికారంగా ఉందని అర్థం. ముందు వికారం తగ్గాలి. అది డాక్టరు పని. సిరంజితో పట్టాల్సి వస్తే ఎలా పట్టాలో డాక్టరు దగ్గర చూసి నేర్చుకోవాలి. కొన్నిసార్లు గొట్టం వేసి ఆహారం ఇస్తామంటారు. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ కుక్కి తినిపించడం కన్నా పిల్లికి అదే తక్కువ బాధ.

ఇంట్లో మనం చేయగలిగింది ఇంతే. చప్పుడు లేని మూల, మీసాలు అంచుకి తగలని వెడల్పాటి పళ్ళెం, ఒక చెంచాడు తిండి. పావుగంట చూసి, తినకపోతే తీసేసి, రెండు గంటల తర్వాత మళ్ళీ కొత్తగా పెట్టాలి. దగ్గర కూర్చుని మెల్లగా నిమిరితే కొన్ని పిల్లులు తింటాయి. ఆ కూర్చునే ఓపిక మనకన్నా మన పిల్లలకే ఎక్కువ.

బిడ్డకి ఏ పని ఇవ్వాలి?

ఆ గుడివాడ అమ్మకి నేను ఇంకో మాట చెప్పాను. పాపకి ఒక చిన్న నోట్సు ఇవ్వండి. తేదీ, సమయం, ఏం పెట్టింది, ఎన్ని చెంచాలు తింది, నీళ్ళు తాగిందా, వాంతి అయిందా, ఇవన్నీ రాయమనండి. డాక్టరుకి నిజంగా పనికొచ్చే కాగితం అది. పెట్టే వేళలు ముందే అనుకుంటే మధ్యలో చదువుకోవడానికి సమయం దొరుకుతుంది. ప్రతిసారీ తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మందు వేయడం, పట్టుకోవడం పెద్దవాళ్ళ పని. నొప్పిలో ఉన్న పిల్లి కరవవచ్చు. కరిచినా రక్కినా పావుగంట పాటు ధారగా నీళ్ళు పోస్తూ సబ్బుతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి అడగాలి.

"ఒక పిల్లి కోసం ఇంత ఖర్చా, ఇంత హడావిడా, అదీ పరీక్షల ముందు?" అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఖర్చుకి ఒక హద్దు పెట్టుకోవడం తప్పు కాదు. ఆ హద్దు ఎంతో బిడ్డకి కూడా చెప్పండి, ఏడో తరగతి బిడ్డకి అర్థమవుతుంది. కానీ పరీక్ష కోసం జబ్బుమనిషి లాంటి ప్రాణిని సంచిలో పెట్టి పంపించేస్తే, ఆ బిడ్డ నేర్చుకునేది ఒకటే. అక్కరకి రాని రోజు ఎవరినైనా అలా పంపించవచ్చని. రేపు మనం ముసలివాళ్ళమై పళ్ళెం పక్కకి నెట్టిన రోజు మన దగ్గర కూర్చోవాల్సింది కూడా ఆ బిడ్డే.

అయినా తినకపోతే

గుడివాడ పిల్లికి మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పారు. ముసలి పిల్లుల్లో తరచుగా వచ్చే జబ్బే. వికారానికి మందులిచ్చారు, సెలైన్ పెట్టారు. ఆ సాయంత్రం రెండు చెంచాలు తింది. రెండు వారాలకి పైగా కొద్దికొద్దిగా తిని, తర్వాత మళ్ళీ మానేసింది. ఇక లాభం లేదని డాక్టరు చెప్పినప్పుడు ఆ అమ్మ మళ్ళీ నాకు ఫోన్ చేశారు. "ఊరికి పంపించామని చెప్పనా మేడమ్?" అన్నారు. మా అబ్బాయి సంగతి అప్పుడే ఆవిడకి చెప్పాను. ఆవిడ పాపని దగ్గర కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పారు. ఇద్దరూ కలిసి ఏడ్చారట.

పాప తన నోట్సు నాకు తెచ్చి చూపించింది. చివరి రోజు ఎదురుగా ఇలా ఉంది: "పెట్టలేదు. అడగలేదు. ఒళ్ళో పడుకుంది." ఆ యూనిట్ టెస్టులో సైన్సులో నాలుగు మార్కులు తగ్గాయి. తర్వాతి టెస్టుకి వచ్చేశాయి.

తల్లిదండ్రులకు నాదొక మనవి. ఇంట్లో కుక్కో పిల్లో గేదెదూడో జబ్బుపడి బిడ్డ మనసు అక్కడే ఉంటే, స్కూలు డైరీలో ఒక్క ముక్క రాసి పంపండి. నా సబ్జెక్టు హోంవర్క్‌కి రెండు రోజులు గడువిస్తాను. మీరు ఆ రెండు రోజులూ బిడ్డకి నిజం చెప్పండి చాలు.

— జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, మచిలీపట్నం, గుడివాడ బ్రాంచిలు