గడ్డివాము వెనక కోట

ఇంగ్లండ్‌లోని సర్రే కౌంటీలో రాబర్ట్ ఫిడ్లర్ అనే రైతు సొంత పొలంలో ఒక కోట కట్టుకున్నాడు. మాటవరసకు అనడం కాదు, నిజంగానే కోట. ధాన్యం నిలవచేసే రెండు గాదెలను బురుజులుగా మార్చేశాడు. అనుమతి ఒక్కటే లేదు. అందుకని చుట్టూ ఇంటెత్తు గడ్డిమోపులు పేర్చి, పైన టార్పాలిన్లు కప్పి, ఆ చాటున గుట్టుగా పని కానిచ్చాడు. 2002కల్లా ఇల్లు పూర్తయింది. భార్యాపిల్లలతో నాలుగేళ్లు ఆ గడ్డి మధ్యే కాపురం. కిటికీ తెరిస్తే గడ్డి, తలుపు తీస్తే గడ్డి. 2006లో వాము తీసేసి, ఇదిగో నా ఇల్లు అని లోకానికి చూపించాడు.

అంత ఓపిక ఎందుకు పట్టాడంటే, అప్పట్లో అక్కడొక నిబంధన ఉండేది. అనుమతి లేకుండా కట్టిన ఇంటి మీద నాలుగేళ్లలోగా స్థానిక కౌన్సిల్ చర్య తీసుకోకపోతే, ఇక తీసుకోవడానికి లేదు. ఫిడ్లర్ లెక్కకు గడువు దాటిపోయింది. కౌన్సిల్ ఒప్పుకోలేదు. గడ్డి పేర్చడం, తీయడం కూడా నిర్మాణంలో భాగమే కాబట్టి లెక్క మొదలయ్యేది గడ్డి తీసిన రోజు నుంచేనని తేల్చారు. కోర్టుల్లో ఏళ్ల తరబడి తిరిగినా ఫలం దక్కలేదు. జైలుశిక్ష హెచ్చరిక దాకా వచ్చాక, 2016లో కోట నేలమట్టమైంది. ఆ నాలుగేళ్ల వెసులుబాటు కూడా ఇప్పుడు లేదు. 2024 ఏప్రిల్ నుంచి దాన్ని పదేళ్లు చేశారు.

ఇది విన్నవాళ్లకు ఆ దేశంలో గోడకు మేకు కొట్టాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలేమో అనిపిస్తుంది. తీరా చూస్తే సంగతి వేరు.

బ్రిటన్ 1947లో తెచ్చిన టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం, భూమి నీదే అయినా దాని మీద ఏదైనా కట్టాలంటే అడిగి కట్టాలంది. అది అమల్లోకి వచ్చింది 1948 జూలై 1న. అయితే ప్రతి చిన్న పనికీ జనం క్యూ కడితే ఆఫీసులు నడవవని అప్పుడే గ్రహించి, అడగక్కర్లేని పనుల జాబితా ఒకటి పక్కనే పెట్టారు. దాని పేరు పర్మిటెడ్ డెవలప్‌మెంట్. ఇంగ్లండ్‌లో ఇప్పుడు నడుస్తున్నది 2015 నాటి ఉత్తర్వు. అందులో గొప్పగా చెప్పుకోవాల్సింది ఉదారత కాదు, కొలతలు.

స్లౌలోనో రెడింగ్‌లోనో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. పక్కింటితో ఒక గోడ పంచుకునే ఇల్లు, అక్కడివాళ్ల మాటలో ‘సెమీ’. విజిటర్ వీసా మీద అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండిపోవడానికి వస్తున్నారు. నాన్నకు మోకాళ్ల నొప్పి, మెట్లెక్కలేరు. కింద ఒక గది కావాలి. ఇంటాయన టేపు పట్టుకుని పెరట్లోకి వెళ్తాడు. వెనక గోడ నుంచి 3 మీటర్ల వరకు ఒక అంతస్తు గది కలుపుకోవచ్చు, విడి ఇల్లయితే 4 మీటర్లు. ఎత్తు 4 మీటర్లు దాటకూడదు. సరిహద్దుకు 2 మీటర్ల లోపు వస్తే చూరు 3 మీటర్లకు మించకూడదు. ఇంకాస్త కావాలంటే 6 మీటర్ల దాకా వెళ్లే దారి కూడా ఉంది. దానికి ముందుగా కౌన్సిల్‌కు తెలపాలి. కౌన్సిల్ ఇరుగుపొరుగుకు నోటీసు పంపి, అభ్యంతరం చెప్పుకోవడానికి 21 రోజులు ఇస్తుంది.

ఇక్కడో తిరకాసుంది. 3 మీటర్లు కొలవాల్సింది ఇప్పుడు కనిపిస్తున్న గోడ నుంచి కాదు, ‘అసలు ఇంటి’ గోడ నుంచి. అసలు ఇల్లంటే మొదట కట్టినప్పటిది, పాతదైతే 1948 జూలై 1న ఎలా ఉందో అది. పాత యజమాని ఎప్పుడో రెండు మీటర్లు పెంచుకుని ఉంటే కొత్తాయనకు మిగిలేది ఒక్క మీటరే. ఇల్లు కొన్నప్పుడు ఆ కాగితాలు అడగనివాళ్లు మేస్త్రీ వచ్చాక నాలుక కరుచుకుంటారు.

మిగతావన్నీ ఇదే ధోరణి. అటకను గదిగా మార్చుకోవడానికి సెమీకి 50 ఘనపు మీటర్లు, వరస ఇళ్లకు 40. కంచె 2 మీటర్లు, రోడ్డు పక్కనైతే ఒక్క మీటరు. ఫ్లాట్లలో ఉండేవాళ్లకు ఈ గదులూ అటకల వెసులుబాటు వర్తించదు. అనుమతి అక్కర్లేదంటే అడిగేవాడు లేడనీ కాదు. దూలం బలం, వైరింగ్, అగ్నిప్రమాద జాగ్రత్తలు చూడటానికి బిల్డింగ్ రెగ్యులేషన్స్ వేరే ఉన్నాయి. ఉమ్మడి గోడ మీద చెయ్యి వేస్తే పక్కింటివాళ్లకు ముందే నోటీసివ్వాలని 1996 నాటి ఇంకో చట్టం చెబుతుంది.

అన్నిట్లోకీ మనకు పనికొచ్చే నిబంధన ఇంటి ముందు జాగాది. 2007 వేసవిలో ఇంగ్లండ్‌ను వరదలు ముంచెత్తాయి. కార్లు పెట్టుకోవడానికి జనం ముందు తోటలు పీకేసి కాంక్రీటు పోసుకోవడంతో వాన నీరు ఇంకే దారి లేకుండా పోతోందని గుర్తించారు. 2008 అక్టోబరు నుంచి నియమం మారింది. ఇంటి ముందు జాగాలో నీరు ఇంకే గులకరాయో, సందులున్న ఇటుకో పరిస్తే ఎవర్నీ అడగక్కర్లేదు. నీరు దిగని గచ్చు 5 చదరపు మీటర్లు దాటిందా, ఆ నీటిని పక్కన మట్టిలోకైనా మళ్లించాలి, లేదా అనుమతి తెచ్చుకోవాలి. నిషేధం లేదు, జరిమానా బెదిరింపు లేదు. మంచి పనికి దారి తేలిక చేసి, చెడ్డ పనికి ఒక దరఖాస్తు అడ్డం పెట్టారు. 2020 అక్టోబరు వానల్లో హైదరాబాద్ కాలనీలు ఎలా మునిగాయో చూసినవాళ్లు, గేటు నుంచి గడప దాకా సిమెంటు చేసిన మన వాకిళ్లను ఒకసారి తలుచుకోవాలి.

అడగక్కర్లేదన్న మాటను అతిగా సాగదీసి ఇంగ్లండ్ దెబ్బతిన్నది కూడా. ఆఫీసు భవనాలను ఫ్లాట్లుగా మార్చడానికి పూర్తిస్థాయి అనుమతి అక్కర్లేదని 2013లో అన్నారు. ఇళ్ల కొరత తీరుతుందని ఆశ. వచ్చినవాటిలో అగ్గిపెట్టెల్లాంటి గదులూ ఉన్నాయి, కిటికీ లేని గదులూ ఉన్నాయి. చివరికి ప్రతి గదికీ సహజ వెలుతురు ఉండాలని 2020లో, కనీస విస్తీర్ణం ఉండాలని 2021లో షరతులు పెట్టాల్సి వచ్చింది. ఇంటి వెనక గదికి పెట్టిన కొలతలు ఆఫీసు మార్పిడికి పెట్టకపోవడమే అక్కడ జరిగిన తప్పు.

మరి మన దగ్గర? జాబితా లేదనడానికి వీల్లేదు. 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఉంది. అదే ఏడు కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా భవన ఉపవిధుల్లో మరింత వివరంగా ఉంది. సున్నాలు, రంగులు, గచ్చు మార్చడం, గిలాబు, ఫాల్స్ సీలింగ్, లోపలి అడ్డుగోడలు, వానకో గాలికో కూలిన భాగాన్ని ఉన్నంత మేరకే తిరిగి కట్టుకోవడం, ఇవేవీ అనుమతి అడగాల్సిన పనులు కావని ఆ నమూనా చెబుతుంది. సొంత జాగాలో సజ్జ 75 సెంటీమీటర్లు, పిట్టగోడ మీటరున్నర. పక్కవాళ్ల స్థలం వైపు, రోడ్డు వైపు తెరుచుకోనంత వరకు తలుపు, కిటికీ మార్చుకోవచ్చు. నమూనాను అలాగే తీసుకోవాలా, మార్చుకోవాలా అన్నది రాష్ట్రాల ఇష్టం. ఇల్లు కట్టుకున్న మనిషికి మాత్రం ఇలాంటి కాగితం ఒకటుందనే తెలియదు. గేటు ముందు ఇసుక కుప్ప పడిన మర్నాడు ‘ఏం కడుతున్నారండీ’ అంటూ ఎవరో ఒకరు వస్తారు. వంటింట్లో గచ్చు మారుస్తున్నామని చెప్పడానికి కూడా ఇంటాయన గొంతు తగ్గిస్తాడు.

తెలంగాణ ఒక మంచి పని చేసింది. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టంతో 75 గజాల లోపు స్థలంలో నేల అంతస్తు, దానిపై ఇంకో అంతస్తు దాకా కట్టుకునేవారికి అనుమతి అక్కర్లేదంది, రూపాయితో ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలంది. పేదవాడి ఇంటికి అది పెద్ద ఊరట. అయితే అది ఇల్లు కట్టుకునే రోజు సంగతి. కట్టుకున్న ఇరవయ్యేళ్లకు వెనకవైపు ఒక స్నానాలగది కలపాలనుకున్నప్పుడు ఏ కొలత చూసుకోవాలో చెప్పే కాగితం కావాలి.

దానికి బదులు మనకు అలవాటైంది, అక్రమంగా కట్టినదాన్ని డబ్బు తీసుకుని సక్రమం చేసే క్రమబద్ధీకరణ. 2007 చివర్లో ఉమ్మడి రాష్ట్రంలో బీపీఎస్ అనే పథకం. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ బీపీఎస్, తెలంగాణలో బీఆర్‌ఎస్ (పార్టీ కాదు, అప్పటికి ఆ పార్టీ పేరు వేరు). ముందు కట్టు, తర్వాత డబ్బు కట్టు అన్నది ఇందులో జనానికి అర్థమైన నీతి. ఇంటి చుట్టూ వదలాల్సిన జాగా, అంటే సెట్‌బ్యాక్, వదిలినవాడు వెర్రివాడయ్యాడు, మింగినవాడు రసీదు తెచ్చుకున్నాడు. ఫిడ్లర్‌కు గడ్డివాము అవసరమైంది. మనవాళ్లకు అదీ అక్కర్లేదు, ఇంకో పథకం వచ్చేదాకా ఓపిక పడితే చాలు.

రెండు ప్రభుత్వాలూ చేయగలిగిన పని ఒకటుంది, ఖర్చు కూడా పెద్దగా లేదు. అడగక్కర్లేని పనులేవో తెలుగులో, అడుగులూ గజాల్లో, ఒక్క పేజీకి కుదించి ప్రతి మున్సిపల్ ఆఫీసు గోడ మీద, ప్రతి వార్డు సచివాలయంలో అతికించాలి. సజ్జ ఎంత, పిట్టగోడ ఎంత, మేడ మీద రేకుల షెడ్డు వేయొచ్చా లేదా, వాకిట్లో ఎంత మేర మట్టి వదలాలి. కింద కమిషనర్ సంతకం ఉండాలి. ఇసుక కుప్ప చూసి వచ్చినాయనకు ఇంటాయన ఆ కాగితమే చూపిస్తాడు.