నందికొట్కూరు మెట్టకు ద్వీపాల పాఠం

సముద్రం నడుమ నివసించే వారికి ఒక లెక్క తప్పనిసరి. ఓడ రాని రోజుల్లో ఊరు ఏమి తినాలి, దీపం దేనితో వెలగాలి అన్నదే ఆ లెక్క. నేలమీది ఊళ్లకు రోడ్డు, కరెంటు తీగ ఉన్నాయన్న భరోసా ఉంది కనుక అవి ఈ లెక్క వేసుకోవు. వానను నమ్ముకొన్న నందికొట్కూరు వంటి మెట్ట ప్రాంతానికి ఆ భరోసా చాలదు. వరుసగా రెండు కార్లు తప్పితే ఇక్కడి కుటుంబం తిండికీ, మేతకూ, ఇంధనానికీ ఒకేసారి బజారు మీద ఆధారపడుతుంది. అప్పు మొదలయ్యేది అక్కడే.

డెన్మార్క్‌లోని సామ్సో ద్వీపం జనాభా సుమారు నాలుగు వేలు. 1997లో ఆ దేశ ప్రభుత్వం నిర్వహించిన పోటీలో పునరుత్పాదక ఇంధన ద్వీపంగా ఎంపికైన సామ్సో, పదేళ్లలోపే నేలమీద 11, సముద్రంలో 10 గాలిమరలను నెలకొల్పుకొంది. ఏడాది మొత్తం మీద తన వాడకాన్ని మించిన విద్యుత్తును ఉత్పత్తి చేసే స్థితికి చేరింది. పొలాల్లో మిగిలిన గడ్డిని మండించి ఇళ్లకు వెచ్చదనం అందించింది. గాలిమరల్లో చాలావాటికి స్థానిక రైతులు, సహకార వాటాదారులు, పురపాలక సంఘం యజమానులు కావడంతో రాబడి దీవిలోనే నిలిచింది. అయినా ప్రధాన భూభాగంతో విద్యుత్ కేబుల్‌ను తెంచుకోలేదు. స్వయంసమృద్ధి అంటే లోకంతో తెగతెంపులు చేసుకోవడమన్న అపోహకు ఇదే సమాధానం.

నందికొట్కూరు పరిసరాల్లో వనరులకు కొదవ లేదు. శ్రీశైలం జలాశయం వెనుక జలాలు చేరువలోనే ఉన్నాయి. 19వ శతాబ్దిలో తవ్విన కర్నూలు-కడప కాలువ ఈ ప్రాంతం మీదుగానే పారుతోంది. హంద్రీ-నీవా తొలి ఎత్తిపోత మల్యాల వద్దనే మొదలై అనంతపురం, చిత్తూరు ప్రాంతాల వైపు నీరు తీసుకుపోతుంది. దక్షిణాన గని, శకునాల గ్రామాల వద్ద 2017లో 1000 మెగావాట్ల సౌర పార్కు సిద్ధమైంది. పొరుగు ప్రాంతాలకు నీరు, వెలుగు అందడం హర్షణీయమే. అయితే అవి తన ముంగిటి నుంచి సాగిపోతుండగా, కాలువ కిందికి రాని మెట్ట రైతు డీజిలు, దాణా, పప్పు, నూనె కొనుక్కోవలసి రావడం ఆలోచించదగిన విషయం.

ముందుగా తిండి సంగతి. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం రూపొందించిన సూర్యనంది కొర్ర 70-75 రోజుల్లో కోతకు వస్తుంది. నల్లరేగడిలో తొలకరికి కొర్ర వేసి, అదే చేలో రబీలో శనగ వేసుకొనే వీలుంది. ఎర్రనేలల్లో కొర్ర, కంది 5:1 నిష్పత్తిలో అంతర పంటలుగా అనువైనవి. ఎకరాకు ఐదు క్వింటాళ్ల కొర్రలు పండినా, మర పట్టాక సుమారు మూడు క్వింటాళ్ల బియ్యం వస్తాయి. మనిషికి రోజుకు 150 గ్రాముల చొప్పున ఐదుగురున్న ఇంటికి ఏడాదికి అవి సరిపోతాయి. చొప్ప పశువులకు మేత. గింజ పండినా పొట్టు తీసే యంత్రం ఊరికి అందుబాటులో లేకపోతే కొర్ర బజారుకే పోతుంది, బియ్యం బజారు నుంచే వస్తాయి. కనుక విత్తనంతోపాటు మర కూడా ఊరికి చేరాలి.

ఇక ఇంధనం. 2019లో ప్రారంభమైన పీఎం-కుసుమ్ పథకం కింద 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల వరకు సౌర కేంద్రాలను బీడు భూముల్లో రైతులు, సహకార సంఘాలు, ఉత్పత్తిదారుల సంఘాలు స్థాపించుకొని విద్యుత్తును పంపిణీ సంస్థకు అమ్ముకోవచ్చు. రెండు మెగావాట్లంటే గని-శకునాల పార్కులో ఐదువందల వంతు. పదీ పన్నెండు ఎకరాల బీడు చాలు. పెట్టుబడి సమకూర్చడం రైతు సంఘానికి సులభం కాదు కనుక బ్యాంకు రుణం, పూచీ ముందుగా కుదరాలి. సౌర పంపుల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఎండ ఉన్నంతసేపూ ఖర్చు లేకుండా నీరు తోడితే బోర్లు ఎండిపోతాయి. బిందు సేద్యం, భూగర్భ జలమట్టం కొలత లేకుండా పంపులు ఇవ్వడం మేలు కన్నా కీడే చేస్తుంది.

రాబడినిచ్చే పత్తి, మిరపలను కాదని తిండిపంట వేయమనడం రైతును వెనక్కి నెట్టడమేనన్న విమర్శలో కొంత న్యాయముంది. అయితే ఇక్కడ కోరుతున్నది కమతమంతా కాదు, ఇంటి తిండికి సరిపడే ఒక ఎకరమే. ఆ ఎకరం ఉన్న రైతు పత్తి ధర పడిపోయిన ఏడు తిండిగింజల కోసం చేయి చాచడు. సెంటు భూమి లేని కూలీ కుటుంబాలకు మాత్రం ఈ వాదన వర్తించదు. ఊరి మర, సౌర కేంద్రాలలో వారికీ వాటా కల్పించినప్పుడే అది ఊరి స్వయంసమృద్ధి అనిపించుకొంటుంది.

ద్వీపవాసి వేసుకొనే లెక్కతోనే ఈ పని ఆరంభించాలి. ఏటా ఎన్ని గింజలు, ఎంత పప్పు, నూనె, మేత, డీజిలు, విద్యుత్తు ఊరిలోకి వస్తున్నాయో, ఎన్ని బయటికి పోతున్నాయో తెలిపే పట్టికను ప్రతి గ్రామ పంచాయతీ తయారుచేసుకోవాలి. రైతు సేవా కేంద్రాల సిబ్బంది, వ్యవసాయ విద్యార్థులు ఇందుకు తోడ్పడగలరు. నందికొట్కూరు మండలంలోని రెండు మూడు గ్రామాల్లో వచ్చే తొలకరికి ముందే ఈ పట్టిక సిద్ధమైతే, ఏ చేలో ఏమి విత్తాలో, ఏ బీడులో ఏమి నిలపాలో నిర్ణయించుకొనే ఆధారం ఆ ఊళ్లకు దొరుకుతుంది.